డికిన్సన్ ఉత్తరాల అనువాదం: "కజిన్స్" అన్న మాట దగ్గరే ఆగిపోయాను

పాతఉత్తరం
ఆరు నెలలుగా ఒక పని పెట్టుకున్నాను. అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ తన కజిన్స్ లూయీసా, ఫ్రాన్సెస్ నార్‌క్రాస్‌లకి రాసిన ఉత్తరాల్ని తెలుగులోకి తెస్తున్నాను. ఎమిలీ ఉండేది మసాచుసెట్స్‌లో ఆమ్‌హర్స్ట్ అనే చిన్న ఊళ్ళో. ఈ అక్కచెల్లెళ్ళు బోస్టన్ వైపు ఉండేవాళ్ళు. 1886లో ఎమిలీ పోయేదాకా పాతికేళ్ళకు పైగా ఉత్తరాలు నడిచాయి. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చింది, ఎవరు మంచం పట్టారు, ఎవరు పోయారు, తోటలో ఏం పూసింది, అన్నీ ఆ ఉత్తరాల్లోనే.

నా ఇబ్బంది "కజిన్స్" అన్న పిలుపు దగ్గర. తెలుగులో ఏం రాయాలి? కజిన్స్ అనే ఉంచేస్తే ఆ ప్రేమంతా ఆవిరైపోతోంది. ఇంకోటి ఇబ్బంది కాదు, కోపం. ఎమిలీ పోయాక ఉత్తరాలు పుస్తకంగా వేయడానికి అడిగితే ఈ అక్కచెల్లెళ్ళు అసలు ప్రతులు ఇవ్వలేదు. తామే నకలు రాసి, వద్దనుకున్నవి తీసేసి ఇచ్చారు. 1894లో అచ్చయింది ఆ నకళ్ళే. అసలువి మనకి దక్కలేదు. అనువాదం చేస్తూ ఒక పేరా సగంలో తెగిపోయినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటుంది. వాళ్ళకి ఏం హక్కుంది?

తెనాలిపిల్ల
హక్కు సంగతి తర్వాత. ముందు చుట్టరికం చెప్పండి. వాళ్ళమ్మ ఎమిలీకి ఏమవుతుంది?

పాతఉత్తరం
ఎమిలీ వాళ్ళమ్మకి సొంత చెల్లెలు, లవీనియా నార్‌క్రాస్. ఎమిలీ పుట్టింది 1830లో, లూయీసా 1842లో, ఫ్రాన్సెస్ 1847లో.

తెనాలిపిల్ల
అయితే ఇంక ఆలోచించేదేముంది? పిన్ని కూతుళ్ళు. చెల్లెళ్ళు. ఇంగ్లీషులో ఆ మాట లేక వాళ్ళు కజిన్ అన్నారు గానీ మనకి లేకపోవడమేంటి! "చెల్లెళ్ళూ" అని మొదలుపెట్టేయండి.

చార్మినార్‌చాయ్
తెనాలిపిల్ల గారూ, నేను ఒప్పుకోను. ఎమిలీకి సొంత చెల్లెలు వేరే ఉంది. ఆమె పేరు కూడా లవీనియానే, పిన్ని పేరే పెట్టారు, ఇంట్లో విన్నీ అనేవాళ్ళు. అందరినీ చెల్లెళ్ళంటే చదివేవాడికి ఎవరు ఎవరో తెలియదు. పైగా మన వరసలు వాళ్ళకి అతకవు. ఆ లవీనియా పిన్ని పెళ్ళాడిన లోరింగ్ నార్‌క్రాస్ ఆమెకు చుట్టమే, కజినే. పెళ్ళికి ముందూ తర్వాతా ఆమె ఇంటిపేరు ఒక్కటే. మన ఇళ్ళలో ఒకే ఇంటిపేరు వాళ్ళకి పెళ్ళి మాట ఎత్తనిస్తారా? కజిన్ అనే మాటలో వాళ్ళ ప్రపంచం ఉంది. దాన్ని చెరిపేస్తే ఎట్లా?

తెనాలిపిల్ల
చుట్టరికం తికమక ఉంటే ముందుమాటలో ఒక పేరా రాస్తే పోతుంది. ఉత్తరం లోపల మాత్రం అక్క చెల్లెళ్ళకి రాసినట్టే ఉండాలి.

మంచులోమల్లె
నేను పన్నెండేళ్ళుగా మసాచుసెట్స్‌లోనే ఉంటున్నాను. ఆమ్‌హర్స్ట్ పేరుని ఇక్కడివాళ్ళు "హ" లేకుండా ఆమెర్స్ట్ అంటారు. మెయిన్ స్ట్రీట్‌లో వాళ్ళ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. పసుపు రంగు వేసిన ఇటుకల ఇల్లు. పక్కనే అన్న ఆస్టిన్ ఇల్లు, మధ్యలో కాలిబాట. రెండుసార్లు వెళ్ళాను.

చెల్లెళ్ళు అనాలా వద్దా అంటే వాళ్ళ మధ్య ఏం జరిగిందో చూసి తేల్చాలి కదా. పదమూడేళ్ళ వయసులో ఎమిలీ తన దూరపు బంధువూ స్నేహితురాలూ అయిన సోఫియా హాలండ్ టైఫస్‌తో పోవడం మంచం పక్కనుండి చూసింది. 1844 ఏప్రిల్‌లో. ఆ దిగులు నుంచి తేరుకోలేకపోతే ఇంట్లోవాళ్ళు ఆమెను పంపింది ఎక్కడికో తెలుసా? బోస్టన్‌లో ఈ పిన్ని దగ్గరికే. నెల్లాళ్ళు అక్కడే ఉంది. ఆ పిన్ని 1860 ఏప్రిల్‌లో క్షయతో పోయింది. అప్పటికి ఫ్రాన్సెస్‌కి పన్నెండేళ్ళు. మూడేళ్ళు తిరక్కుండా, 1863 జనవరిలో తండ్రి లోరింగ్ కూడా పోయాడు. అప్పుడు ఎమిలీ ఆ పిల్లలకి ఏం రాసిందో పాతఉత్తరం గారికి తెలిసే ఉంటుంది.

పాతఉత్తరం
తెలుసు మంచులోమల్లె గారూ. మా అమ్మానాన్నలు సగం మీ అమ్మానాన్నలే, మా ఇల్లు సగం మీ ఇల్లే అని రాసింది. చివర్లో, ఎమిలీకి ప్రార్థించడం రాదు కనుక మీకోసం పాడనివ్వండి అని ఒక కవిత జత చేసింది. అది తెలుగు చేసిన రోజు ఇంక పని ముందుకు సాగలేదు.

తెనాలిపిల్ల
"మా ఇల్లు సగం మీ ఇల్లే." ఇంకా కజిన్సేనా చార్మినార్‌చాయ్ గారూ?

చార్మినార్‌చాయ్
ఆ ఒక్క ఉత్తరంలో చెల్లెళ్ళు అనుకోవచ్చు. మిగతావి చూద్దాం.

కళ్ళడాక్టరు
నా వృత్తికి సంబంధించిన ముక్క ఒకటుంది. ఎమిలీకి కళ్ళ జబ్బు వచ్చింది. 1864లో ఏప్రిల్ చివర నుంచి నవంబరు దాకా, మళ్ళీ 1865లో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా బోస్టన్ డాక్టర్ హెన్రీ విలర్డ్ విలియమ్స్ దగ్గర వైద్యం. కంటి లోపలికి చూసే ఆఫ్తాల్మోస్కోప్ అప్పటికి ఇంకా కొత్త, జర్మనీలో హెల్మ్‌హోల్ట్‌జ్ కనిపెట్టింది 1851లో. ఈ విలియమ్స్ తర్వాత హార్వర్డ్‌లో కంటివైద్యానికి తొలి ప్రొఫెసర్ అయ్యాడు. అంటే అప్పట్లో దొరికే మంచి వైద్యమే చేయించారు. ఎండ చూడకూడదు, చదవకూడదు, రాయకూడదు. డాక్టర్ నా కలం లాగేసుకున్నాడని పెన్సిల్‌తో ఉత్తరం రాసింది పాపం.

ఆమె జబ్బేమిటో పేషెంటుని చూడకుండా చెప్పను. కంటి లోపలి వాపు అని ఇప్పుడు కొందరంటారు. నేను చెప్పదలచుకున్నది వేరే. ఆ రెండేళ్ళూ ఆమె ఉన్నది ఈ నార్‌క్రాస్ అమ్మాయిలతోనే, కేంబ్రిడ్జ్‌లో ఒక బోర్డింగ్ హౌస్‌లో. అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న ఇద్దరు ఆడపిల్లలు, కళ్ళు పోతాయేమోనని భయపడుతున్న ముప్ఫై మూడేళ్ళ అక్క. నా దగ్గరికి కంటి ఆపరేషన్‌కి వచ్చే పెద్దవాళ్ళని చూస్తుంటాను. చుక్కలు వేయడానికి పక్కన ఉన్న మనిషిని వాళ్ళు జన్మలో మర్చిపోరు.

తపాలాబాబాయ్
ముప్ఫై నాలుగేళ్ళు పోస్టాఫీసులో పనిచేశాను కాబట్టి ఉత్తరం ఖర్చు గురించి రాస్తాను. 1845కి ముందు అమెరికాలో దూరాన్ని బట్టి, కాగితాల లెక్కన వసూలు చేసేవారు. ఒక్క కాగితానికి 6 సెంట్ల నుంచి 25 సెంట్ల దాకా. పైగా డబ్బు చాలాసార్లు అందుకున్నవాళ్ళే కట్టాలి. బీదవాళ్ళకి చుట్టాల క్షేమసమాచారం విడిపించుకోవడం కూడా భారమే. అందుకే ఒక పేజీ రాసేసి, కాగితం అడ్డంగా తిప్పి ఆ రాత మీదే మళ్ళీ రాసేవారు. 1845లో 300 మైళ్ళ లోపు 5 సెంట్లు చేశారు. 1847లో స్టాంపులు వచ్చాయి. 1851లో ముందే డబ్బు కడితే 3 సెంట్లు. 1863లో దూరంతో పని లేకుండా దేశమంతటా 3 సెంట్లు. మన దగ్గర 1854లోనే దూరంతో పని లేకుండా అర్ధణాకి ఉత్తరం వెళ్ళేది, ఆ విషయంలో మనమే ముందు.

జబ్బు కబుర్లు అంత వివరంగా, అంత తరచుగా రాసుకోగలిగారంటే ఈ 3 సెంట్ల పుణ్యమే. ఉత్తరం చవకైతేనే "దగ్గు కొంచెం నయం" అని ఒక ముక్క రాయడానికి మనసొప్పుతుంది.

నల్లరేగడి
అందరూ మెచ్చుకుంటున్నారు గానీ నాకొక సందేహం. ఎప్పుడూ జబ్బులూ చావులేనా? కొన్ని ఉత్తరాలు చదివాను, గుండె బరువెక్కింది. బతుకులో సంతోషమే లేదా వాళ్ళకి?

కృష్ణవేణి77
నల్లరేగడి గారూ, అప్పటి సంగతి వేరు. క్షయ ఒక క్రిమి వల్ల వస్తుందని రాబర్ట్ కాఖ్ ప్రకటించింది 1882 మార్చి 24న. అప్పటిదాకా అమెరికాలో చాలామంది అది వంశంలోనే ఉంటుందనుకున్నారు. అంటే పిన్నికి దగ్గు అన్న కబురు పిన్ని గురించి మాత్రమే కాదు. అక్క కూతురు కూడా తన ఛాతీ మీద చెయ్యి వేసుకుని చూసుకునేది. ఎవరికి ఏ జబ్బో చుట్టాలకి తెలియాలి, తమ గతి ఏమిటో లెక్కేసుకోవాలి.

మా ఇంట్లోనూ అంతే. మా అమ్మమ్మ చెల్లెలికి టీబీ. ఆ సంగతి మా ఇళ్ళలో ఉత్తరాల్లో కూడా రాసుకునేవారు కాదట, "ఒంట్లో నలతగా ఉంది" అనేవాళ్ళంతే. ఆడపిల్లల పెళ్ళి సంబంధాలు చెడతాయని భయం. ఆవిడ పోయాక గానీ మా అమ్మకి అసలు జబ్బేమిటో తెలియలేదు. చివరి రోజుల్లో చూడ్డానికి కూడా వెళ్ళలేకపోయిందని ఇప్పటికీ తలుచుకుంటుంది. అందుకే ఎమిలీ ఉన్నదున్నట్టు రాసిన తీరు చూస్తే నాకు గౌరవం కలుగుతుంది.

మంచులోమల్లె
సంతోషం లేదని కాదు నల్లరేగడి గారూ. 1879 జూలై 4, అంటే అమెరికా స్వాతంత్ర్య దినం, తెల్లవారుజామున ఆమ్‌హర్స్ట్ బజారు తగలబడిపోయింది. ఎమిలీ గంటల మోతకి లేచి చూస్తే బయట పట్టపగల్లా వెలుగు. విన్నీ మెల్లగా వచ్చి, భయపడకు, ఇది జూలై నాలుగు సంబరమే అని చెప్పి పడుకోబెట్టింది. అక్క బెదిరిపోతుందని. ఎమిలీకి సంగతి అర్థమైంది, అయినా చెల్లెలి మాట నమ్మినట్టే ఊరుకుంది. ఇదంతా నార్‌క్రాస్ చెల్లెళ్ళకే రాసింది. ఆ ఉత్తరం నవ్వు తెప్పిస్తుంది, కళ్ళు చెమ్మగిల్లేలా కూడా చేస్తుంది.

గోదారిగట్టు
ఈ విన్నీ మా అక్కే! తుఫాను రాత్రి పెంకులు ఎగిరిపోతుంటే పిల్లి గెంతుతోందిరా పడుకో అనేది.

పాతఉత్తరం
నన్ను ఎక్కువగా పట్టుకున్నది తండ్రి పోయినప్పటి ఉత్తరం. ఎడ్వర్డ్ డికిన్సన్ లాయరు, ఒక విడత అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లో సభ్యుడు కూడా. 1874 జూన్ 16న బోస్టన్‌లో, రాష్ట్ర శాసనసభలో మాట్లాడిన రోజునే, హోటల్ గదిలో పోయాడు. ఇంట్లో అందరూ రాత్రి భోజనం చేస్తున్నారు. ఆస్టిన్ చేతిలో టెలిగ్రాంతో లోపలికి వచ్చాడు. అతని ముఖం చూడగానే మనం అయిపోయామని తెలిసిపోయింది, ఎలాగో మాత్రం తెలియలేదు అని రాస్తుంది ఎమిలీ. నాన్నకి చాలా జబ్బుగా ఉంది, నేనూ విన్నీ వెళ్ళాలి అన్నాడు. రైలు అప్పటికే వెళ్ళిపోయింది. గుర్రాల్ని సిద్ధం చేస్తుండగానే పోయాడన్న కబురు వచ్చేసింది.

ఈ ఉత్తరంలో జూన్ 15 అని ఉంటుంది, ఒక రోజు తేడా. దుఃఖంలో తేదీ తప్పింది. దిద్దకుండా అలాగే ఉంచాను.

తపాలాబాబాయ్
ఉంచండి, దిద్దొద్దు. టెలిగ్రాం అంటే ఇళ్ళలో ఎంత భయమో నేను చేతుల్తో అందించిన మనిషిని. శుభవార్త అయినా సరే, మమ్మల్ని చూడగానే ముందు ఏడుపు మొదలయ్యేది. అందుకే గుమ్మంలోనే "శుభమేనమ్మా" అని అరిచి మరీ ఇచ్చేవాణ్ణి.

నల్లరేగడి
సరే, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ పాతఉత్తరం గారి కోపం సంగతి ఎవరూ మాట్లాడలేదు. చెల్లెళ్ళు కత్తిరించడం నాకైతే తప్పే అనిపిస్తోంది.

చార్మినార్‌చాయ్
తప్పే. ఆమె ఒట్టి అక్క కాదు, గొప్ప కవి. ఆమె రాసిన ప్రతి వాక్యమూ రేపటి పాఠకులది.

కృష్ణవేణి77
నేను ఒప్పుకోను. రాసినప్పుడు ఆమె రేపటి పాఠకులకి రాయలేదు, ఇద్దరు చెల్లెళ్ళకి రాసింది. మా పెద్దమ్మ ఉత్తరాలు ఒక ట్రంకుపెట్టెడు ఉన్నాయి నా దగ్గర. వాటిలో మా కజిన్ ఒకడి మనసు చెదిరిన రోజుల సంగతులు ఉన్నాయి. రాత్రుళ్ళు ఎలా కాపలా ఉన్నారో, ఎవరెవరికి మొక్కుకున్నారో అన్నీ. మా కుటుంబ చరిత్ర పుస్తకం వేస్తామని తమ్ముడు అడిగితే ఆ ఉత్తరాలు ఇవ్వలేదు. వాడిప్పుడు బాగున్నాడు, పిల్లలున్నారు. అవి బయట పెట్టడానికి నేనెవర్ని? నార్‌క్రాస్ అక్కచెల్లెళ్ళు నాకు అర్థమవుతారు.

పాతఉత్తరం
కృష్ణవేణి గారూ, మీ కజిన్ బతికున్నాడు కాబట్టి మీరు చేసింది సరే. కానీ అన్నీ పోయాక, అందరూ పోయాక?

కృష్ణవేణి77
1894లో అందరూ ఎక్కడ పోయారండీ? నార్‌క్రాస్ అక్కచెల్లెళ్ళు ఇద్దరూ ఉన్నారు. ఆస్టిన్ ఉన్నాడు, విన్నీ ఉంది. ఎమిలీ పోయి ఎనిమిదేళ్ళే. అదీ కాక విన్నీ ఏం చేసిందో గుర్తు చేసుకోండి. ఎమిలీకి వచ్చిన ఉత్తరాలన్నీ కాల్చేసింది, అక్క కోరిక అని. చెల్లెళ్ళు ఎమిలీకి రాసినవి బూడిదయ్యాయి. ఎమిలీ వాళ్ళకి రాసినవి కనీసం నకళ్ళుగా అయినా మిగిల్చింది వాళ్ళే కదా! పూర్తిగా మంటలో వేయొచ్చు. చేత్తో కూర్చుని రాసి ఇచ్చారు.

పాతఉత్తరం
ఇది నేను ఇలా ఆలోచించలేదు. రోజంతా ఇదే తిరుగుతోంది బుర్రలో.

గోదారిగట్టు
మా ఊళ్ళో చావు కబురు ఉత్తరం చదవగానే చింపేసేవారు. ఇంట్లో ఉంచకూడదు. కార్డు మూలకి నల్ల సిరా చూస్తే వాకిట్లోనే నిలబడి చదివేవారు. అమెరికాలో అప్పుడు నల్ల అంచు కాగితాలూ కవర్లూ వాడేవారట కదా, కానీ దాచుకునేవారు. మా తాతగారు పోయినప్పుడు వచ్చిన ఒక్క ఉత్తరం కూడా మాకు మిగల్లేదు. ఆయనకి ఏం జబ్బో, చివర్లో ఏమన్నారో రాసి ఉంటారు. అవి ఇప్పుడుంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

మంచులోమల్లె
చివర్లో ఏమన్నారు అంటే గుర్తొచ్చింది. అంతర్యుద్ధంలో, 1862 మార్చి 14న నార్త్ కరోలినాలో న్యూబర్న్ దగ్గర ఫ్రేజర్ స్టెర్న్స్ అనే కుర్రాడు చనిపోయాడు. ఆమ్‌హర్స్ట్ కాలేజీ ప్రెసిడెంటు గారి అబ్బాయి. ఆ కబురు ఎమిలీ ఈ చెల్లెళ్ళకి రాసింది. పది నిమిషాలు ప్రాణంతో ఉన్నాడు, రెండుసార్లు మంచినీళ్ళు అడిగాడు, దేవుణ్ణి తలుచుకుని పోయాడు అని. శవపేటిక ఊరికి వచ్చింది గానీ తండ్రిని కూడా ముఖం చూడనివ్వలేదు డాక్టర్లు. ఎక్కడో పోయిన మనిషి చివరి క్షణాలు ఎలా గడిచాయో ఇంట్లోవాళ్ళకి తెలియాలి, ఒంటరిగా పోలేదని నమ్మకం కలగాలి. అప్పటి ఉత్తరాల్లో ఇది చాలా కనిపిస్తుంది.

చార్మినార్‌చాయ్
అతని పక్కన ఉన్నది ప్రొఫెసర్ క్లార్క్. తర్వాత జపాన్ వెళ్ళి సపోరోలో వ్యవసాయ కాలేజీ మొదలుపెట్టింది ఆయనే.

కళ్ళడాక్టరు
ఎమిలీ సొంత జబ్బు గురించి కూడా చెల్లెళ్ళకే వివరంగా రాసింది. 1884 వేసవిలో ఒక శనివారం మధ్యాహ్నం పనిమనిషి మ్యాగీతో కలిసి కేక్ చేస్తోంది. పెద్ద చీకటి ఒకటి కమ్ముకొచ్చింది, రాత్రి పొద్దుపోయేదాకా స్పృహ లేదు. కళ్ళు తెరిచేసరికి ఆస్టిన్, విన్నీ, ఎవరో కొత్త డాక్టరు మీదకి వంగి ఉన్నారు. అందరూ అంత దయగా కనబడితే నేను చచ్చిపోయాననుకున్నాను అంటుంది. డాక్టరు దీన్ని నరాల పగ అన్నాడట. చావు తప్ప వాటికి అన్యాయం చేసిందెవరు అని ఆమె ప్రశ్న.

నిజమే కదా. 1874లో తండ్రి. సరిగ్గా ఏడాదికి తల్లికి పక్షవాతం, ఏడేళ్ళు మంచంలో, 1882 నవంబరులో పోయింది. నడవలేని అమ్మ ఎగిరిపోయింది అని స్నేహితురాలు మిసెస్ హాలండ్‌కి రాసింది. 1883 అక్టోబరు 5న ఆస్టిన్ కొడుకు గిబ్, ఎనిమిదేళ్ళవాడు, టైఫాయిడ్‌తో. ఆమె మరణపత్రంలో బ్రైట్స్ డిసీజ్ అని ఉంది, అంటే కిడ్నీ జబ్బుకి పాత పేరు. రక్తపోటు అయ్యుంటుందని ఇప్పుడు కొందరంటున్నారు. ఆమె అడిగిన ప్రశ్నకి మాత్రం ఏ టెస్టులోనూ జవాబు దొరకదు.

తెనాలిపిల్ల
పాతఉత్తరం గారూ, ఆఖరి ఉత్తరం కూడా ఈ చెల్లెళ్ళకేనా?

పాతఉత్తరం
అవును. 1886 మేలో. నేను ఇరుక్కుపోయింది అక్కడే. ముందు "లిటిల్ కజిన్స్". కింద "కాల్డ్ బ్యాక్" అని రెండు మాటలు. కింద సంతకం. అంతే. మే 15న పోయింది. ఆ "లిటిల్ కజిన్స్"లో పెద్దామెకి అప్పటికి నలభై దాటాయి.

"వెనక్కి పిలవబడ్డాను" అని రాస్తే గవర్నమెంటు నోటీసులా ఉంది. "వెనక్కి పిలిచారు" అంటే ఎవరు పిలిచారని అడిగేలా ఉంది.

మంచులోమల్లె
ఆ రెండు మాటలే ఆమె సమాధి మీద ఉన్నాయి. వెస్ట్ సెమెట్రీలో. పుట్టింది 1830 డిసెంబరు 10, "కాల్డ్ బ్యాక్" 1886 మే 15. మరణించిన తేదీ అన్న మాటే లేదు. రాయి మీద జనం పెన్సిళ్ళు పెట్టి వెళ్తుంటారు.

కళ్ళడాక్టరు
పెన్సిళ్ళా! మా విలియమ్స్ డాక్టరు కలం లాక్కున్నందుకేమో.

గోదారిగట్టు
మా వైపు ముసలివాళ్ళు "నాకు పిలుపొచ్చిందిరా" అంటారు. చెట్టంత మనిషి కూడా ఆ ఒక్క మాట అంటే ఇంట్లో అందరూ చేసే పని ఆపేస్తారు. ఎవరు పిలిచారని ఎవరూ అడగరు.

కృష్ణవేణి77
అదే. అదే రాయండి.

చార్మినార్‌చాయ్
"పిలుపొచ్చింది"లో వెనక్కి అన్న అర్థం పోతుంది కదా? ఆమె ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే వెళ్తున్నానంటోంది.

తెనాలిపిల్ల
పిలుపు ఎప్పుడూ ఇంటినుంచే వస్తుంది చార్మినార్‌చాయ్ గారూ. ఆడపిల్లకి పుట్టింటి నుంచి పిలుపొచ్చింది అంటే వెనక్కి అని వేరే చెప్పాలా?

చార్మినార్‌చాయ్
దీనికి నా దగ్గర జవాబు లేదు. కజిన్స్ మాట కూడా వదిలేస్తున్నాను. చెల్లెళ్ళే.

పాతఉత్తరం
రాత్రి కూర్చుని మళ్ళీ రాశాను. ముందుమాటలో చుట్టరికం చెప్పే పేరా కూడా పెట్టాను. నకళ్ళు రాసిచ్చిన సంగతి మొదట రాసిన కోపపు పేరా తీసేసి, కృష్ణవేణి గారు చెప్పినట్టు రాశాను. ఆఖరి ఉత్తరం ఇదీ:

చిట్టి చెల్లెళ్ళూ,
పిలుపొచ్చింది.
ఎమిలీ

తపాలాబాబాయ్
చాలమ్మా. ఇంక ముట్టుకోకు.